స్కోపులు చదువుదాం – 3వ పాఠం: తెల్లనిది తెల్లగానే పడిందా?

వీడియోలోని వెలుగునూ రంగునూ గ్రాఫులుగా చూపించేవే స్కోపులు. వాటిలో వేవ్‌ఫామ్ వెలుగు ఎంతుందో చుక్కలతో చూపిస్తుంది: అడుగున 0 అంటే నలుపు, పైన 1023 అంటే పూర్తి వెలుగు. ముందు పోయినసారి ఇంటిపని సంగతి తేల్చేద్దాం. మధ్యాహ్నం పూట గోవిందరాజస్వామి గుడి గోపురాన్ని కింద నుంచి తీసి, వేవ్‌ఫామ్‌లో ఆకాశం ఎక్కడ పడిందో, గోపురం ఎక్కడ పడిందో గుర్తుపట్టమన్నాను.

గోపురం నడుమ, ఆకాశం రెండు పక్కలా వచ్చేలా తీసి ఉంటే, వేవ్‌ఫామ్‌లో ఎడమ చివరా కుడి చివరా చుక్కలు పైకెక్కి 1023 గీతకు అంటుకుని ఉంటాయి. నడుమ మాత్రం గోపురం తాలూకు చుక్కలు బాగా కిందికి దిగి పరుచుకుని ఉంటాయి. శిఖరం పైన కాస్త ఆకాశం మిగిలి ఉంటే, ఆ చుక్కలు కూడా అదే నిలువు వరసలో పైన కనిపిస్తాయి. శిఖరం బొమ్మలో పైన ఉంది కదా, వేవ్‌ఫామ్‌లోనూ పైనే ఉండాలి కదా అని వెతికితే మాత్రం దొరకదు. వేవ్‌ఫామ్‌లో ఎడమ, కుడి బొమ్మలో ఉన్నట్టే ఉంటాయి. పైనా కిందా అన్నది మాత్రం బొమ్మలోది కాదు, వెలుగు ఎంతన్నది. గోపురం కింద నీడలో ఉన్న కొట్టు, శిఖరం పక్కన ఎగిరే పావురం ఒకే నిలువు వరసలో ఉంటే, రెండూ తమ తమ వెలుగును బట్టి ఆ వరసలోనే పైనో కిందో చేరతాయి.

ఆకాశం 1023 దగ్గర సన్నని గీతలా అతుక్కుపోయి ఉంటే కంగారు పడకుండా గెయిన్ (వెలుగు భాగాల్ని పెంచే, తగ్గించే మీట) తగ్గించి చూడండి. గీత గీతలాగే కిందికి దిగితే అక్కడ మబ్బూ లేదు, నీలమూ లేదు, తీసేటప్పుడే కాలిపోయింది. ఇక దాన్ని ఎవరూ తిరిగి తేలేరు. గీత విచ్చుకుని చుక్కలుగా పరుచుకుంటే వివరం లోపల ఉన్నట్టే, మీ గ్రేడింగే (వెలుగు, రంగు దిద్దుబాటే) దాన్ని పైకి తోసింది. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక నోడ్‌లో (దిద్దుబాటు మెట్టులో) 1023 దాటి పైకి పోయిన వెలుగును తర్వాతి నోడ్‌లో కిందికి లాక్కోవచ్చు కాబట్టి ఈ పరీక్ష పనికొస్తుంది.

వెలుగు సంగతి అంతటితో సరి. ఈ పాఠంలో రంగు మొదలుపెడదాం.

రిజాల్వ్‌లో కలర్ పేజీకి వెళ్లి స్కోపుల కిటికీ తెరవండి. కంట్రోల్, షిఫ్ట్, డబ్ల్యూ కలిపి నొక్కితే పెద్ద కిటికీ వస్తుంది. జాబితాలో పరేడ్ ఎంచుకోండి. ఉచిత వెర్షన్‌లోనూ ఇది ఉంది. ప్రీమియర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు లుమెట్రీ స్కోప్స్‌లో ఇదే దొరుకుతుంది, కొలత 1023 బదులు 100 దాకా ఉంటుంది, అంతే తేడా. మీ కంప్యూటర్లో తెరను పసుపుగా మార్చే నైట్ లైట్ వేసి ఉంటే తీసేయండి. స్కోపుకు దానితో పనిలేదు గానీ మీ కంటికి ఉంది.

పరేడ్ అంటే మూడు వేవ్‌ఫామ్‌లు పక్కపక్కన నిలబడడమే. మొదటిది ఎరుపు, రెండోది పచ్చ (అంటే ఆకుపచ్చ), మూడోది నీలం. ఒకే బొమ్మ మూడుసార్లు కనిపిస్తుంది. చదవడానికి ఒకే ఒక్క సూత్రం ఉంది: రంగు లేని వస్తువు, అంటే తెలుపు, బూడిద, నలుపు, మూడింటిలోనూ ఒకే ఎత్తులో ఉండాలి. తెల్ల కాగితం ఎరుపులో 800 దగ్గరా, పచ్చలో 730 దగ్గరా, నీలంలో 560 దగ్గరా ఉందంటే బొమ్మ మీద పసుపు కాంతి పడిందన్న మాట. పచ్చ ఒక్కటే మిగతా రెండింటికన్నా లేచి ఉంటే అక్కడ చౌక రకం ఎల్‌ఈడీ ట్యూబులు వెలుగుతున్నాయని అనుమానించండి.

సూత్రం సులువే. చిక్కంతా "రంగు లేని వస్తువు" ఏదో తేల్చుకోవడంలో ఉంది. వీడియో మిక్సింగ్ (ఎడిటింగ్) నేర్చుకునే కుర్రాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం సేపు ఇక్కడే ఉందాం.

తిరుపతి చుట్టుపక్కల మన చేతికొచ్చే ఫుటేజ్‌లో ఎక్కువ భాగం పెళ్లిళ్లే. తెల్లవారుజాము ముహూర్తం, కల్యాణ మండపం, వరుడు పట్టుపంచెలో. తెలుపు కదా అని పంచె మీద మూడు రంగులూ సమం చేస్తారు. బొమ్మంతా చలి పట్టినట్టు నీలంగా మారుతుంది. పట్టుపంచె తెలుపు కాదు, మీగడ రంగు. పరేడ్‌లో దాని నీలం కాస్త తక్కువగా ఉండడమే న్యాయం. దాన్ని బలవంతంగా తెలుపు చేస్తే ఆ లెక్కన పెళ్లికూతురి ముఖం నుంచి అరటి ఆకు దాకా అన్నింటికీ నీలం ఎక్కుతుంది. "ఏంది సామీ, మా బిడ్డ మొగం ఇట్ల పాలిపోయిందే" అని పెళ్లివారు అడిగేది ఇలాంటప్పుడే.

తలంబ్రాల బియ్యం పసుపు కలిపినవి, పనికిరావు. మల్లెపూలు తెలుపే గానీ జడలో ఆకుపచ్చ దారం, కనకాంబరాలు కలిసి ఉంటాయి, నమ్మకం లేదు. నీలిమందు పెట్టి ఉతికిన నూలు పంచె కొంచెం నీలం వైపు ఉంటుంది. వెండి పళ్లెం, స్టీలు చెంబు చుట్టూ ఉన్న రంగులన్నీ మింగి అద్దంలా చూపిస్తాయి. మరి ఏం మిగిలింది? పక్కన ఉన్న సున్నం గోడ, సిమెంటు మెట్టు, నల్ల ప్లాస్టిక్ స్పీకర్ పెట్టె, కట్నాలు రాసుకునే నోటు పుస్తకం కాగితం. అన్నిటికన్నా మేలు, మండపంలో అడుగు పెట్టగానే దంపతులు కూర్చునే పీట దగ్గర గ్రే కార్డు (అచ్చమైన బూడిద రంగు అట్ట) పట్టించి నాలుగు సెకన్లు తీసుకోవడం. అది లేకపోతే ఏ4 కాగితమైనా సరే. లైట్లు మారినప్పుడల్లా మళ్లీ తీయండి. కెమెరామెన్ వేరేవాళ్లయితే ముందే ఫోన్ చేసి చెప్పండి. ఆ నాలుగు సెకన్లు ఎడిటింగ్ టేబుల్ దగ్గర గంటల పని తప్పిస్తాయి.

పరేడ్‌లో ఇన్ని చుక్కల మధ్య ఆ కాగితం ఏదో తెలియకపోతే వ్యూయర్ (బొమ్మ కనిపించే కిటికీ) మీద రైట్ క్లిక్ చేసి, పికర్ ఆర్‌జీబీ (ఎరుపు, పచ్చ, నీలం) విలువ చూపించే ఆప్షన్ పెట్టుకోండి. మౌస్ కాగితం మీదికి తీసుకెళ్తే మూడు అంకెలూ పక్కనే కనిపిస్తాయి.

దిద్దే క్రమం ఇది. ముందు టెంప్, టింట్ ముట్టుకోండి, రంగు చక్రాల (లిఫ్ట్, గామా, గెయిన్) జోలికి వెళ్లకండి. టెంప్ పసుపుకూ నీలానికీ మధ్య జరుపుతుంది, టింట్ పచ్చకూ మెజెంటాకూ మధ్య. మండపం కాంతి చాలావరకు ఈ రెండింటితోనే దారికొస్తుంది. మిగిలిన కొద్దిపాటి తేడాకు చక్రాలు. పరేడ్‌లో అడుగున తేడా ఉంటే లిఫ్ట్, పైన ఉంటే గెయిన్, నడుమ ఉంటే గామా. నలుపు దగ్గర మొదలుపెట్టి, తెలుపు సరిచేసి, చివర్లో నడుమ చూసి, మళ్లీ నలుపు దగ్గరికి రండి. ఒకటి కదిపితే ఇంకోటి కాస్త కదులుతుంది, అందుకే ఈ రెండో చుట్టు.

ఇప్పుడు అసలు మండపానికి వద్దాం. ముందు నుంచి వీడియో లైటు తెల్లగా, 5600 కెల్విన్ (కాంతి రంగుకు కొలత) దగ్గర. వెనక సీరియల్ బల్బులు, దీపాలు పసుపుగా, 3000 అటూ ఇటూ. పక్కన హోమం. ఇలాంటి షాట్ పరేడ్‌లో ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. దంపతులు నడుమ ఉన్నారు కాబట్టి ప్రతి బొమ్మలోనూ నడుమ భాగంలో మూడు రంగులూ దాదాపు కుదురుగా ఉంటాయి. రెండు అంచుల దగ్గరా ఎరుపు లేచి, నీలం కుంగి ఉంటుంది. అంచుల్ని చూసి మొత్తానికి నీలం పెంచితే ముఖాలు పోతాయి. మనం సమం చేయాల్సింది ముఖం మీద పడ్డ కాంతిని. వెనక దీపాలు పసుపుగా ఉంటేనే అది పెళ్లి పందిరి, వాటిని తెల్లబరిస్తే బ్యాంకు హాలు అవుతుంది. పరేడ్‌లో తేడా కనిపించిన ప్రతిచోటా దిద్దాలని రూలేమీ లేదు.

కెమెరాలో ఆటో వైట్ బ్యాలెన్స్ (కాంతిని బట్టి కెమెరాయే తెలుపును సరిచేసుకోవడం) పెట్టి తీసినదైతే ఇంకో తలనొప్పి. కెమెరా దంపతుల మీద నుంచి హోమం వైపు తిరగగానే పరేడ్‌లో నీలం మెల్లగా పైకి పాకడం ప్లే చేస్తూ చూడొచ్చు. అలాంటి షాట్‌కు ఒకే దిద్దుబాటు సరిపోదు, కీఫ్రేమ్‌లు (దిద్దుబాటు ఎక్కడెక్కడ మారాలో చెప్పే గుర్తులు) పెట్టాలి. ఆ సంగతి తర్వాతి పాఠాల్లో.

రిసెప్షన్‌కు వెళ్దాం. వేదిక మీద నీలం ఎల్‌ఈడీ లైట్లు, ఊదా లైట్లు. ఇక్కడ వేవ్‌ఫామ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే నిలువునా ముంచుతుంది. ఎందుకో అంకెల్లో చూద్దాం. మనం వాడే రెక్ 709 అనే హెచ్‌డీ వీడియో ప్రమాణంలో ఒక చుక్క వెలుగు లెక్క కట్టేటప్పుడు పచ్చకు సుమారు 72 శాతం, ఎరుపుకు 21 శాతం, నీలానికి 7 శాతం బరువు ఇస్తారు. మనిషి కంటికి పచ్చ ఎక్కువ వెలుగుగానూ, నీలం తక్కువ వెలుగుగానూ అనిపిస్తుంది కాబట్టి ఆ లెక్క. అంటే అచ్చమైన నీలం పూర్తిగా నిండి, పరేడ్‌లో 1023 గోడకు కొట్టుకున్నా, వెలుగు చూపే వేవ్‌ఫామ్‌లో అది 7 శాతం దగ్గర, నేల మీద పాకుతూ కనిపిస్తుంది. "చీకటిగా ఉందే" అని ఎడిటర్ గెయిన్ పెంచుతాడు. అంతకుముందే కెమెరామెన్ ఐఎస్‌ఓ (బొమ్మను వెలుగుగా చేసే కెమెరా సెట్టింగ్) పెంచి ఉంటాడు. ఫలితం, పెళ్లికొడుకు ముఖం మీద ముక్కూ చెంపా తెలియని నీలం అచ్చు. ఎర్ర చీర మీద గట్టి ఎర్ర లైటు పడినా ఇదే కథ. జరీ, మడతలు అన్నీ కలిసిపోయి ఒక ఎర్ర ముద్ద మిగులుతుంది, వేవ్‌ఫామ్ మాత్రం ఏమీ ఎరగనట్టు 21 శాతం దగ్గర కూర్చుంటుంది.

కాబట్టి రంగు లైట్లున్న ఏ షాట్‌కైనా ముందు పరేడ్ చూడండి. ఒక రంగు పైగోడకు సన్నగీతలా అతుక్కుందంటే ఆ రంగులో వివరం పోయింది. శాచురేషన్ (రంగు గాఢత) తగ్గించి కంటికి గుచ్చుకోకుండా చేయగలం గానీ పోయిన మడతల్ని తేలేం. దీనికి అసలు మందు వేదిక దగ్గరే ఉంది. లైట్ల వాళ్లతో ముందే మాట్లాడి, ఏ రంగు తిప్పుకున్నా ముఖాల మీద ఒక్క తెల్ల లైటు ఉంచమనండి. పదిమందిలో ఎనిమిదిమంది ఒప్పుకుంటారు, మిగిలిన ఇద్దరికి కాఫీ ఇప్పించాలి.

ఇక వెక్టర్‌స్కోప్ తలుపు కొంచెం తీసి చూద్దాం. ఇది గుండ్రంగా ఉంటుంది. నడుమ బిందువు అంటే రంగు లేదని. నడుమ నుంచి ఎంత దూరం జరిగితే రంగు అంత గాఢం. ఏ దిక్కుకు జరిగితే ఆ రంగు. వెలుగు సంగతి దీనికి అస్సలు తెలియదు.

నేర్చుకోవడానికి మన ఊరి గంగమ్మ జాతరను మించిన ఫుటేజ్ దొరకదు. బైరాగి వేషానికి ఒళ్లంతా నామంకొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి గంధం. ఒక్కో వేషాన్ని దగ్గరగా తీసిన క్లిప్పును వెక్టర్‌స్కోప్‌లో పెట్టండి. కుంకుమ చుక్కలు స్కోపు మీద ఎరుపుకు గుర్తుగా ఉండే గడి వైపు దూసుకుపోతాయి. గంధం పసుపు వైపు ఒరుగుతుంది గానీ అంత దూరం పోదు. బొగ్గూ నామంకొమ్మూ మాత్రం దాదాపు ఒకే చోట, నడుమ బిందువు దగ్గరే కుదురుకుంటాయి. కంటికి ఆ రెండూ నింగీ నేలా, వెక్టర్‌స్కోప్‌కు రెండూ ఒకటే. వాటి తేడా చెప్పగలిగేది వేవ్‌ఫామే. ఏ స్కోపు దేనికి గుడ్డిదో తెలిస్తే సగం పని నేర్చుకున్నట్టే.

వెక్టర్‌స్కోప్ సెట్టింగుల్లో స్కిన్ టోన్ గీత ఒకటుంటుంది, ఆన్ చేసుకోండి. గడియారంలో 11 గంటల దిక్కున, ఎరుపుకూ పసుపుకూ నడుమ కనిపిస్తుంది. చామనఛాయ అయినా, నలుపైనా, ఎరుపైనా, మామూలు తెల్ల వెలుగులో తీసిన మనిషి చర్మం ఆ గీతకు దగ్గర్లోనే పడుతుంది. చర్మం కింద అందరికీ రక్తమే కాబట్టి దిక్కు పెద్దగా మారదు, గాఢతా వెలుగూ మారతాయి. చెంప మీద చిన్న పవర్ విండో (బొమ్మలో కొంత భాగాన్నే ఎంచుకునే ఆకారం) గీసి, మిగతాదంతా మూసి చూస్తే చుక్కల గుంపు ఎటు ఒరిగిందో స్పష్టంగా తెలుస్తుంది.

దీనికీ ఓ మెలిక ఉంది. మంగళస్నానం షాట్‌లో పెళ్లికూతురి ముఖానికి పసుపు రాసి ఉంటారు. ఆ చుక్కలు గీత దాటి పసుపు వైపు పడతాయి. పడాలి కూడా. పట్టుబట్టి గీత మీదికి లాగితే ముఖం మీద పసుపు మాయమై, పక్కనున్న పేరంటాళ్ల చర్మం ఎర్రగా కందిపోయినట్టు కనిపిస్తుంది. అలాంటప్పుడు పసుపు అంటని చర్మం వెతకండి: నీళ్లు పోస్తున్న అత్తగారి ముంజేయి, వెనక నిలబడ్డ పిల్లవాడి నుదురు. అది గీత దగ్గరుంటే షాట్ సరిగ్గా ఉన్నట్టే, పెళ్లికూతురిని వదిలేయండి.

ఈసారి ఇంటిపని మూడు క్లిప్పులు, అన్నీ ఫోన్‌తో తీసినా చాలు. మొదటిది, ఇంట్లో ట్యూబులైటు కింద తెల్ల కాగితం పట్టుకున్న మనిషి. రెండోది, అదే మనిషి అదే కాగితంతో సాయంత్రం వాకిట్లో. మూడోది, దేవుడి గదిలో దీపం వెలుగులో, వేరే లైటు లేకుండా. మూడింటికీ వైట్ బ్యాలెన్స్ పగటి వెలుగు దగ్గర లాక్ చేసి తీయండి, ఆటో వద్దు. ఒక్కో క్లిప్పులో కాగితం మీద ఎరుపు, పచ్చ, నీలం అంకెలు ఒక పుస్తకంలో రాసుకోండి. తర్వాత టెంప్, టింట్‌తో మాత్రమే సమం చేసి చూడండి. దీపం క్లిప్పులో నీలం ఎంత పెంచినా నాయిస్ (చుక్కచుక్కల మరక) తప్ప ఇంకేమీ రాని చోటు ఒకటి వస్తుంది. ఆ అంకె కూడా రాయండి.

వచ్చే పాఠం రెండు కెమెరాలను కలపడం గురించి. ఒకే పెళ్లిని రెండు వేర్వేరు కంపెనీల కెమెరాలతో తీసిన క్లిప్పులు ఎవరి దగ్గరైనా ఉంటే సిద్ధంగా పెట్టుకోండి. తాళి కట్టే షాట్ రెండు వైపుల నుంచీ ఉంటే ఇంకా మంచిది.