స్టవర్‌హెడ్ తోట: ఒకే ఫ్రేములో ఏడాదంతా

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్‌లో ఉన్న స్టవర్‌హెడ్‌లో అందరూ తీసే ఫొటో ఒకటే: ముందు రాతి వంతెన, మధ్యలో చెరువు, అవతలి ఒడ్డున పాంథియన్ (రోమన్ గుడిలాంటి గుమ్మటపు కట్టడం). 18వ శతాబ్దంలో ఈ ఎస్టేట్ యజమాని రెండో హెన్రీ హోర్ ఈ దృశ్యాన్ని కావాలనే ఇలా కూర్చాడు. కొత్త కోణం కోసం తంటాలు పడకుండా దీన్నే ఏడాది పొడవునా తీయండి.

ట్రైపాడ్ పెట్టిన చోటు, దాని ఎత్తు, ఫోకల్ లెంత్ (లెన్స్ ఎంత వెడల్పు దృశ్యం పడుతుందో చెప్పే అంకె) మొదటిసారే రాసుకోండి. 35 ఎంఎం లెన్స్, ఎఫ్/8 అపర్చర్ (లెన్స్ ద్వారం), ఐఎస్ఓ (వెలుతురు సున్నితత్వం) 100తో మొదలుపెట్టవచ్చు. తొలి ఫొటో ఫోన్‌లో ఉంచుకుని, ప్రతిసారీ వంతెన అంచును దానితో సరిపోల్చండి.

పాంథియన్ ముఖం తూర్పు వైపు. తోట తెరవగానే వెళ్తే ముఖం మీద వెలుగుంటుంది, చాలాసార్లు గాలి కూడా తక్కువే. అల లేస్తే ప్రతిబింబం చెదిరిపోతుంది.

మే, జూన్‌లలో రోడోడెండ్రాన్ పూలకు ఎండ కన్నా మబ్బే మేలు. ఎండలో ఎరుపు రంగు ముద్దలా కనిపిస్తుంది. నడివేసవి అంతా పచ్చదనమే, ఒక్కసారి వెళ్తే చాలు.

అక్టోబరు చివర్లోనే అసలు చిక్కు. ఆటో వైట్ బ్యాలెన్స్ (కెమెరా తనంతట తాను రంగులు సరిచేసే సెట్టింగ్) ఆకుల బంగారు రంగును చల్లబరుస్తుంది. అందుకే వైట్ బ్యాలెన్స్‌ను 5200 కెల్విన్ (పగటి వెలుగు రంగు) దగ్గర ఖాయం చేయండి. పోలరైజర్‌ను (మెరుపు తగ్గించే, లెన్స్ ముందు తిప్పే ఫిల్టర్) పూర్తిగా తిప్పితే ఆకుల మెరుపుతోపాటు ప్రతిబింబమూ పోతుంది, సగంలో ఆపాలి.

మంచు కురిస్తే (అరుదే) కెమెరాలోని లైట్ మీటర్ తెలుపును బూడిద రంగు చేస్తుంది. ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుగు) +1 నుంచి +1.5 స్టాప్‌లు పెంచండి. అదనపు బ్యాటరీ కోటు లోపలి జేబులో ఉండాలి.

ఇది నేషనల్ ట్రస్ట్ (చారిత్రక స్థలాలను కాపాడే సంస్థ) స్థలం, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి.