బేబీ స్లింగ్: కొనేటప్పుడు, కట్టుకునేటప్పుడు

స్లింగ్, అంటే బిడ్డను ఒంటికి కట్టుకుని ఎత్తుకునే గుడ్డ, అనగానే అందరూ రంగు, రేటు అడుగుతారు గానీ అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఒకటుంది: పాపను అందులో పెట్టుకుని మీరు తల వంచి చూస్తే ముక్కు, నోరు కనబడాలి. పసిపిల్లలకి మెడ నిలవదు, గొంతులో గాలి దారి చాలా సన్నగా ఉంటుంది, గడ్డం ఛాతీకి ఆనిందంటే ఆ దారి మూసుకుపోతుంది, పైగా ఊపిరాడని బిడ్డ ఏడవలేదు కాబట్టి నిద్రపోతోందనే అనుకుంటాం. అందుకే బిడ్డ వంకరగా ముడుచుకుని పడుకునే సంచీలాంటి స్లింగులు వద్దే వద్దు. అమెరికాలో అలాంటివాటిలో పసిపిల్లలు చనిపోయాక 2010లో సుమారు 10 లక్షల స్లింగులను వెనక్కి తీసుకున్నారు. నాలుగు నెలలు నిండని పిల్లలకి ఈ ప్రమాదం ఎక్కువ. నెలలు నిండకుండా పుట్టినా, బరువు తక్కువున్నా, జలుబుతో ముక్కు మూసుకుపోయినా పిల్లల డాక్టర్‌ని అడగకుండా కట్టుకోకండి.

ఇక ఏది కొనాలంటే, మన ఎండలకి పల్చటి కాటన్ రింగ్ స్లింగ్ (ఒక కొసకి రెండు రింగులు కుట్టిన పొడవాటి గుడ్డ, ఒక భుజం మీదుగా వేసుకునేది) నాకు నచ్చుతుంది. సాగే గుడ్డతో చుట్టుకునే ర్యాప్ మెత్తగా బాగుంటుంది గానీ రెండు మూడు పొరలు పడతాయి, మే నెలలో విజయవాడలో అది కట్టుకుంటే తల్లీబిడ్డా ఇద్దరూ ఉడికిపోతారు. బ్యాగులా భుజాలకి తగిలించుకునే, బకిల్స్ ఉన్న క్యారియర్ నాన్నలకీ తాతయ్యలకీ సులువు, భుజం నొప్పి కూడా తక్కువ, కాకపోతే లేబుల్ మీద రాసిన కనీస బరువు బిడ్డకి వచ్చిందో లేదో చూసుకోవాలి. రింగ్ స్లింగ్ అయితే రింగుకి అతుకు ఉండకూడదు.

కట్టుకోవడం ముందు బియ్యం సంచితోనో బొమ్మతోనో, మంచం పక్కన నిలబడి ప్రాక్టీస్ చేయండి. గుడ్డ కొసని రెండు రింగుల్లోంచీ పైకి తీసి, పై రింగు మీదుగా తిప్పి కింది రింగులోంచి లాగాలి. రింగులు భుజం ముందు, కాస్త కిందగా ఉండాలి. బిగించేటప్పుడు గుడ్డ మొత్తాన్ని ఒకేసారి లాగితే మధ్యలో వదులు ఉండిపోతుంది, అందుకని పై అంచు, మధ్య, కింది అంచు విడివిడిగా కొంచెం కొంచెం లాగండి. బిడ్డ నిటారుగా, మీ ఛాతీకి ఛాతీ ఆనించి, తల వంచితే నుదుటి మీద ముద్దుపెట్టుకునేంత ఎత్తులో ఉండాలి. గడ్డం కింద రెండు వేళ్ళు పట్టాలి. వీపు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కితే బిడ్డ మీవైపు జారిందంటే ఇంకా వదులుగా ఉన్నట్టే.

గుడ్డ ఒక మోకాలి వెనక నుంచి రెండో మోకాలి వెనక దాకా పరుచుకోవాలి, మోకాళ్ళు పిరుదులకన్నా ఎత్తులో ఉండాలి. "అలా కాళ్ళు ఎడంగా పెడితే దొడ్డికాళ్ళు వస్తాయే" అని అమ్మమ్మలు కంగారుపడతారు. రావమ్మా, చంకనెత్తుకున్నప్పుడు కూడా కాళ్ళు అలాగే కదా ఉండేది! కాళ్ళు తిన్నగా కిందికి వేలాడితేనే తుంటి కీలుకి మంచిది కాదు.

స్లింగ్‌లోనే పాలిస్తే, తాగడం అవ్వగానే బిడ్డను మళ్ళీ నిటారుగా పైకి జరపండి, ఈ ఒక్కటీ చాలామంది మర్చిపోతారు. మెడ వెనక చెయ్యిపెట్టి చూస్తూ ఉండండి, చెమట పడితే బయటికి తీసేయండి. స్టవ్ దగ్గర, వేడి టీ తాగుతూ వద్దు. కిందున్న వస్తువు తియ్యాలంటే నడుం వంచకుండా మోకాళ్ళు వంచి, బిడ్డ వీపు మీద చెయ్యి వేసి కూర్చోండి. బైక్ మీద, కారులో స్లింగ్ బిడ్డని కాపాడలేదు, బండి మీద నాలుగేళ్ళ లోపు పిల్లలకి సేఫ్టీ హార్నెస్ (బిడ్డని బండి నడిపేవాళ్ళకి కట్టి ఉంచే బెల్టు) ఉండాలని 2022లోనే కేంద్రం నిబంధన తెచ్చింది.

ఎవరైనా వాడిన స్లింగ్ ఇస్తే కుట్లు, రింగులు, బకిల్స్ వెలుతురులో పెట్టి చూడండి, రింగు దగ్గర గుడ్డ పలచబడినా, ఒక్క కుట్టు ఊడినా అది బిడ్డని ఎత్తుకోవడానికి పనికిరాదు.