మృగశిరకు ముందే రోటవేటర్ బోల్టులు విప్పుతున్నారా? ఓపెన్ పానాకు పైపు తొడగకండి

రోహిణి ఎండలు ఇంకా తగ్గనే లేదు, షెడ్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. మృగశిర వస్తే దుక్కులు, ఆ వెనకే దమ్ములు. ట్రాక్టర్ వెనక తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసే యంత్రమే రోటవేటర్. ఈ పది పదిహేను రోజుల్లో ఊళ్ళో ఉన్న ప్రతి రోటవేటర్‌కూ బ్లేడ్లు మారాలి. ఆ తొందరలోనే పోయిన వారం మా పక్క ఊరి కుర్రవాడొకడు ఆస్పత్రి పాలయ్యాడు. కుడి మణికట్టు దగ్గర వేళ్ళను ముడిచే స్నాయువులు రెండు తెగిపోయాయి. చూడడానికి వెళితే, "ఆఖరి నట్టు అన్నా, అదొక్కటే మిగిలింది" అన్నాడు.

జరిగింది ఇది. 24 (మిల్లీమీటర్ల) సైజు ఓపెన్ పానా, అంటే ముందు నోరు తెరిచి ఉండే పానా, పట్టుకున్నాడు. దాని నోరు అప్పటికే కాస్త విచ్చుకుని ఉంది. నట్టు మీద వదులుగా కూర్చుంటే, సందులో ఆక్సా బ్లేడు ముక్క దూర్చాడు. పిడికి మూడడుగుల ఇనుప పైపు తొడిగాడు. లేచి నిలబడి ఒంటి బరువంతా వేసి కిందికి తోశాడు. పానా జారింది. పైపుతో పాటే చెయ్యి దూసుకుపోయి పక్క బ్లేడు అంచున పడింది. సీజనంతా మట్టిలో అరిగిన బ్లేడు అంచు ఎంత పదునుగా ఉంటుందో దున్నేవారికి నేను చెప్పనక్కరలేదు.

ఇరవై రెండేళ్ళుగా షెడ్డు నడుపుతున్నాను. వదులు చొక్కాలు వద్దు, తాగి పని చేయవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వవద్దు అనే మాటలు మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. నా కళ్ళ ముందు మనుషుల్ని దెబ్బతీసింది ఒకే ఒక్క తప్పు. ఓపెన్ పానాకు పైపు తొడగడం. ముందు పళ్ళు రెండు పోగొట్టుకున్నవాడిని చూశాను, బొటనవేలు నుజ్జయినవాడిని చూశాను, ట్రాక్టర్ కింద పడుకుని లాగి కణత పగలగొట్టుకున్నవాడిని చూశాను. అన్నిటిలోనూ అదే పానా, అదే పైపు.

అది ఎందుకు జారుతుంది

ఓపెన్ పానా బోల్టు తలను రెండు వైపులే పట్టుకుంటుంది. బలం పెట్టగానే ఆ పట్టు కూడా ఎదురెదురుగా ఉన్న రెండు మూలల మీదికి చేరుతుంది. రింగ్ పానా అయితే ఆరు మూలలనూ చుట్టి పట్టుకుంటుంది. పైగా రింగ్‌కు విచ్చుకునే నోరు లేదు. ఓపెన్ పానాకు ఉన్న బలహీనతంతా ఆ నోటిలోనే ఉంది.

పానా పొడవును తయారుచేసేవాడు ఊరికే నిర్ణయించలేదు. 10 సైజు పానా చిన్నగా, 24 సైజు పానా జానెడు దాటి ఉండడానికి కారణం ఉంది. ఒక చేత్తో లాగినప్పుడు పడే బలాన్ని ఆ నోరు తట్టుకోవాలి. పావు మీటరు పానాను 30 కిలోల బలంతో లాగితే బోల్టు మీద సుమారు 75 న్యూటన్ మీటర్ల మెలి పడుతుంది. అదే పానాకు పైపు తొడిగి, మీటరు దూరంలో 60 కిలోల మనిషి వాలితే అది 600 దగ్గరికి పోతుంది. ఎనిమిది రెట్లు. తుప్పు పట్టిన బోల్టు కదలదు కాబట్టి ఆ బలమంతా నోటి మీదే పడుతుంది. నోరు విచ్చుకుంటుంది, లేదా బోల్టు తల మూలలు గీరుకుపోతాయి. రెండింటిలో ఏది జరిగినా జారేది మీ చెయ్యే.

పోయినేడాది ఇలాగే చేస్తే ఏమీ కాలేదు కదా అంటారు. కాలేదు. కానీ ఆ పనితోనే నోరు వెంట్రుక మందం విచ్చుకుంది. ఈ ఏడు జారడానికి పునాది అక్కడే పడింది.

ఇరుకు చోటికి ఏది

ఇరుకులో ఓపెన్ పానాయే గతి అనుకోవడం వల్లే ఈ తప్పు జరుగుతుంది. రోటవేటర్‌లో బ్లేడ్లు బిగించే గుండ్రటి పళ్ళెం లాంటి ఫ్లాంజికి సాధారణంగా ఆరేసి బ్లేడ్లు ఉంటాయి, ఒక్కో బ్లేడుకు రెండు బోల్టులు. 42 బ్లేడ్ల యంత్రానికి 84 నట్లు. పైన రేకు, కింద నేల, పక్కన మరో బ్లేడు. పానా పూర్తిగా తిరగడానికి చోటుండదు. ఓపెన్ పానా నోరు పిడికి 15 డిగ్రీలు వంపుగా ఉంటుంది, కనుక తిప్పి తిప్పి వేస్తూ 30 డిగ్రీల సందులో కూడా పని జరుపుకోవచ్చు. అందుకే అందరి చెయ్యీ దాని మీదికే పోతుంది. కానీ పన్నెండు పళ్ళ రింగ్ పానా కూడా 30 డిగ్రీలకొకసారి మళ్ళీ కూర్చుంటుంది. మెడ వంపు ఉన్న రింగ్ తీసుకుంటే బ్లేడు మీదుగా దాటి నట్టును అందుకుంటుంది. చాలా చోట్ల రింగ్ పట్టదని మనం ప్రయత్నించకుండానే తేల్చేస్తాం.

ఒక పక్క రింగ్, ఒక పక్క ఓపెన్ ఉన్న కాంబినేషన్ పానా నాకు అన్నిటికంటే ఇష్టం. మొదటి మెలి రింగ్‌తో విప్పండి. కదిలాక వేగంగా తిప్పడానికి ఓపెన్ వైపు వాడండి. ఓపెన్ పానా పని అదే. వదులైన నట్టును తిప్పడం. బిగుసుకున్నదాన్ని విప్పడం దాని పని కాదు.

నట్టు మీద గిన్నెలా తొడిగే సాకెట్‌ను ఒక వైపే తిప్పి, వెనక్కి ఊరికే వచ్చే రాట్చెట్ పిడి సంగతీ అంతే. 72 పళ్ళది అయితే 5 డిగ్రీల కదలిక చాలు, స్టార్టర్ మోటారు వెనక బోల్టుకు అంతకంటే మంచి సాయం లేదు. కానీ మొండి నట్టును దానితో విప్పబోతే లోపలి పళ్ళు విరిగి ఒక్కసారిగా చెయ్యి వదిలేస్తుంది. ముందు లోపల పళ్ళు లేని పొడవాటి టామీ పిడితో కదిలించాలి, తరువాతే రాట్చెట్. మధ్యలో మెలిక తిరిగే జాయింటు వేసి మొదటి మెలి విప్పకండి. ఆ వంపులోనే సాకెట్ పక్కకు ఒరిగి జారుతుంది.

డీజిల్ ఇంజెక్టర్ పైపుల నట్లకు మామూలు రింగ్ పట్టదు, పైపు అడ్డం. అక్కడికి చీలిక ఉన్న రింగ్ పానా దొరుకుతుంది. పైపు దూరేంత సందు వదిలి మిగతా నట్టును చుట్టేస్తుంది. బ్రేకు పైపులకూ అదే. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అడిగితే ఇస్తారు. నలభై ముక్కలున్న తళతళలాడే పెట్టెకు డబ్బు పోయకుండా 10, 13, 17, 19, 22, 24 సైజుల్లో మంచి రింగ్‌లు, ఆరు మూలల సాకెట్లు, సాకెట్‌లో దూరే కొస అర అంగుళం చదరం ఉన్న పొడవాటి పిడి ఒకటి కొనండి. వెనక చక్రం నట్లకు ముప్పాతిక అంగుళం చదరం కావాలి. క్రోమ్ వెనేడియం ఉక్కు అని అచ్చు వేసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. కొత్త బోల్టు ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళి, దుకాణంలోనే తొడిగి ఊపి చూడండి. ఆడితే వద్దు.

పొడవు కావాలంటే పొడవుగా తయారైన పిడి కొనండి. ఓపెన్ పానాకు పైపు తొడగకండి.

మిల్లీమీటరా, అంగుళమా

పాత మాస్సే ఫెర్గూసన్ నమూనా ట్రాక్టర్లలో అంగుళాల బోల్టులు చాలా ఉన్నాయి. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. 13 పానా పడుతుంది, కానీ కొంచెం ఆడుతుంది. ఆ కొంచెమే మూలలు గీరేస్తుంది. 9/16 అంగుళం తల 14.3 దగ్గర ఉంటుంది. 14 పట్టదు, 15 వదులు. సరిగ్గా ఇక్కడే సందులో ఆక్సా బ్లేడు ముక్క వచ్చి చేరుతుంది. ముప్పాతిక అంగుళానికి మాత్రం 19 దాదాపు సరిపోతుంది. తుప్పు తిని సన్నబడిన 24 తలకు 15/16 అంగుళం సాకెట్‌ను సుత్తితో కొట్టి ఎక్కిస్తే గట్టిగా పడుతుంది. అది 23.8 మిల్లీమీటర్లు. సందులో ముక్కలు దూర్చడం కంటే ఇది వంద రెట్లు నయం.

బైకు ఇంజన్ల మీద ప్లస్ గుర్తు స్క్రూలకూ ఇదే జబ్బు. జపాన్ నమూనా బళ్ళ మీద తలపై చిన్న చుక్క ఉంటే అది జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) స్క్రూ. మామూలు స్క్రూడ్రైవర్ అందులో కూర్చోదు, పైకి ఎగదన్ని గాడి తినేస్తుంది. ఆ కొలతకు చేసిన మొన వాడండి. బిగుసుకుని ఉంటే సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్ తీయండి.

మొండి బోల్టుకు కావలసింది రాత్రి సమయం

బయటికి పొడుచుకొచ్చిన మరల మీద మట్టి, తుప్పు వైరు బ్రష్‌తో గీకండి. లేకపోతే సగం తిరిగాక మళ్ళీ పట్టేస్తుంది. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. ఉదయం బోల్టు తల మీద సుత్తితో నాలుగైదు గట్టి దెబ్బలు వేయండి, మరల మధ్య తుప్పు పొడి అవుతుంది. ఆరు మూలల సాకెట్ ఎక్కించి, ముందు కొద్దిగా బిగించండి. అవును, బిగించండి. తరువాత విప్పండి. పావు తిరుగు ముందుకు, కాస్త వెనక్కి, మళ్ళీ నూనె.

అయినా కదలకపోతే, అది రోటవేటర్ బ్లేడు బోల్టు అయితే, కోసేయండి. కొత్త బ్లేడుకు ఎలాగూ కొత్త బోల్టే వేయాలి. పాత బోల్టును బతికించడానికి చెయ్యి పణంగా పెట్టేవాళ్ళను చూస్తే నాకు ఏడుపొస్తుంది. నట్టును చీల్చే పనిముట్టు దొరుకుతుంది, ఆక్సా ఉంది, గ్రైండర్ ఉంది.

వేడి చేయాలనుకుంటే నట్టును వేడి చేయండి, బోల్టును కాదు. నట్టు వ్యాకోచించి పట్టు వదలాలి. తల మీద 8.8, 10.9 అని బలం గుర్తు ఉన్న బోల్టు ఒకసారి ఎర్రగా కాలితే దాని బలం పోయినట్టే, మళ్ళీ వాడకండి. గాలి ఉన్న టైరు రిమ్ముకు మంట చూపించకండి. లోపల గాలి వేడెక్కి టైరు పేలుతుంది, ఆ పేలుడుకు మనిషి నిలవడు.

ఇక మిగిలినవి వరుసగా చెప్పేస్తాను. గోడకు రాసి పెట్టుకోండి.

- రోటవేటర్‌ను హైడ్రాలిక్ మీద వేలాడదీసి కింద చెయ్యి పెట్టకండి. చెక్క దిమ్మల మీదికి దించండి. సిమెంటు ఇటుకలు వద్దు, పగులుతాయి.
- ఇంజన్ ఆపండి. తాళం మీ జేబులో ఉండాలి. ట్రాక్టర్ ఇంజన్ తిరుగుడును రోటవేటర్‌కు అందించే పీటీఓ షాఫ్ట్ ఊడదీయండి.
- షాఫ్ట్ ఊడాక బ్లేడ్లు బిగించిన రోటర్ స్వేచ్ఛగా తిరుగుతుంది. నట్టు మీద బలం పెట్టగానే అదే తిరిగి మరో బ్లేడు మోకాలికి వస్తుంది. చెక్క అడ్డం పెట్టి బిగించండి.
- బోల్టు తలను పట్టుకునే రెండో పానాను చేత్తో పట్టుకోకండి. ఫ్లాంజికి ఆనించి వదిలేయండి, వేలు నలగదు.
- లాగండి, తోయకండి. తోయక తప్పకపోతే పిడికిలి బిగించకండి, అరచేత్తో తోయండి.
- బలం పెట్టేముందు ఒక్క క్షణం ఆగి, జారితే చెయ్యి ఎక్కడికి పోతుందో చూడండి. అక్కడ బ్లేడు ఉంటే మందపాటి గోనె చుట్టండి. ముఖం ఉంటే జరగండి.
- వాహనం జాకీ మీద ఉండగా కింద దూరి మొండి బోల్టు లాగకండి.
- స్టార్టర్ దగ్గర పని ఉంటే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీయండి. చేతి ఉంగరం తీసేయండి.
- డీజిల్‌ను చాలా ఎక్కువ ఒత్తిడితో పంపే కామన్ రైల్ ఇంజన్ నడుస్తుండగా ఇంజెక్టర్ నట్టు వదులు చేయకండి. డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. గుచ్చినంత గాయంలా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.
- గాలితోనో కరెంటుతోనో కొట్టి తిప్పే ఇంపాక్ట్ గన్నుతో విప్పేటప్పుడు నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే. మెరిసే సాకెట్ ముక్కలై ఎగురుతుంది.
- గడ్డివాము దగ్గర గ్రైండర్ వద్దు. కళ్ళద్దాలు లేకుండా గ్రైండర్ వద్దు. గార్డు తీసేసిన గ్రైండర్ అసలే వద్దు.
- భుజాన వేసుకుని గడ్డి కోసే యంత్రం (బ్రష్ కట్టర్) బ్లేడు నట్టుకు చాలావాటిలో ఎడమ మర ఉంటుంది. సైకిల్ ఎడమ పెడల్‌కూ అంతే. బలం పెంచేముందు ఏ వైపు విప్పుతున్నారో చూసుకోండి.
- నోరు పెద్దదీ చిన్నదీ చేసుకునే స్క్రూ స్పానర్‌తో మొండి బోల్టు ముట్టుకోకండి.
- సందులో ఆక్సా బ్లేడు ముక్క, స్క్రూడ్రైవర్ మొన, రేకు ముక్క ఏదీ దూర్చకండి.
- 84 నట్లు ఒకే పూటలో విప్పకండి. అలసిన చేతికి పైపు గుర్తొస్తుంది.
- రాత్రి తలదీపం వెలుతురులో ఆఖరి నట్టు విప్పకండి. తెల్లవారనివ్వండి.
- ఓపెన్ పానాకు పైపు తొడగకండి.
- మేస్త్రీ తొడిగినా మీరు తొడగకండి.
- కొత్త బ్లేడ్లు వేశాక గంటసేపు దున్ని, ఆపి, తాళం తీసి, నట్లన్నీ మళ్ళీ బిగించండి.
- నోరు విచ్చిన పానా కనబడితే ఈ రోజే పాత ఇనుము బండిలో వేయండి. మూలన పడేయకండి. మూలన ఉన్నదాన్ని తొందరలో మరొకరు తీస్తారు. ఆ కుర్రవాడు పట్టుకున్నది కూడా, పనికిరాదని యజమాని రెండేళ్ళ కిందట మూలన పడేసిన పానాయే.