బాణం బరువుకి వంటింటి త్రాసు చాలు

బాణాల పెట్టె మీద బరువు అంగుళానికి ఇన్ని గ్రెయిన్లని (గ్రెయిన్ అంటే గ్రాములో దాదాపు పదిహేనో వంతు) మాత్రమే ఉంటుంది. ములికి, ఈకలు బిగించాక మొత్తం ఎంతైందో తెలీదు. దానికోసం వేరే త్రాసు కొనక్కర్లేదు.

అన్నీ బిగించిన ఆరు బాణాలు కలిపి డిజిటల్ వంటింటి త్రాసు మీద పెట్టండి. ఒక్కటే పెడితే గ్రాము తేడా కూడా లెక్కని చెడగొడుతుంది. వచ్చిన గ్రాముల్ని 6తో భాగించి 15.4తో గుణిస్తే ఒక్కో బాణానికి గ్రెయిన్లు. దాన్ని విల్లు పౌన్లతో, అంటే నారిని పూర్తిగా లాగడానికి పట్టే బలంతో, భాగించండి. పౌనుకి ఎన్ని గ్రెయిన్లో తెలుస్తుంది. నావి ఆరూ 162 గ్రాములు, ఒక్కోటి 27, అంటే దాదాపు 416 గ్రెయిన్లు. 45 పౌన్ల విల్లుకి 9 పైచిలుకు వచ్చింది.

వేటలో కుందేలుకి ఈ అంకె 8 ఉన్నా చాలు, మొద్దు ములికి పెట్టాలి. జింకకి 8 నుంచి 10, పదునైన ములికితో. అడవిపందికి 10 దాటాల్సిందే అంటాను. భుజం దగ్గర దాని తోలు బాగా దళసరి, తేలిక బాణం లోపలికి దిగదు, జంతువు గాయంతో పారిపోయి రోజుల తరబడి నరకం పడుతుంది. 5 కన్నా తక్కువొస్తే మాత్రం ఆ బాణం ఎక్కించొద్దు, విల్లే విరగొచ్చు.

ఒక్కటి చూసుకోండి. రికర్వ్ విల్లు (కొనలు ముందుకి వంగి ఉండేది) మీద రాసే పౌన్లు మామూలుగా 28 అంగుళాలు లాగినప్పటివి. మీరు 26 దాకానే లాగితే నాలుగైదు పౌన్లు తగ్గి ఈ లెక్క తప్పుతుంది. వేలాడదీసే త్రాసు కొక్కేన్ని నారికి తగిలించి, మీరు లాగేంత వరకే లాగి కొలవండి.