అలిపిరి మెట్ల దారిలో ఫాల్గుణపు పూలు

మార్చి మొదట్లో తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టండి. తొమ్మిది దాటితే ఎండ ముదురుతుంది, పిట్టలూ చాటుకు పోతాయి. మొత్తం 3550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. లీటరు నీళ్లు, ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8×42 బైనాక్యులర్ చాలు.

ఆకులన్నీ రాలిన కొమ్మల చివర అరచేతంత పసుపు పూలు కనిపిస్తే అది కొండగోగు. నారింజ రంగు మంట మోదుగది. కొమ్మ విరవకండి, రాలిన మోదుగ పువ్వునే తీసి చూడండి: చిలకముక్కులా వంగిన రేకు, కింద నల్లటి మఖమల్ లాంటి తొడిమ గిన్నె. తేనె ఆ గిన్నె అడుగున ఉంటుంది. అందుకే విరగబూసిన మోదుగ ఎదురైతే దాటిపోకుండా పది నిమిషాలు కదలకుండా నిలబడండి. తేనెపిట్టలు, గోరింకలు, తోక చీలిన నల్లటి ఏట్రింతలు వాటంతటవే వస్తాయి. చెట్టు చెట్టుకూ పరిగెత్తేవాళ్లకు ఒక్కటీ సరిగా కనబడదు.

ప్లాస్టిక్ సంచి చప్పుడైతే చాలు, కోతి మీదికొస్తుంది. తిండి బ్యాగులోపలే ఉంచండి. దుప్పులకు బిస్కెట్లు పెట్టడం పుణ్యమేమీ కాదు, రుచి మరిగి దారి మీదే ఉండిపోతాయి, వాటి వెనకే చిరుత. పిల్లల చెయ్యి వదలకండి, మెట్లు దిగి పొదల్లోకి వెళ్లకండి.