మీటింగులో ‘సరే’, గేటు దగ్గర ‘కాదు’

సమస్య: మీటింగులో ఎవరూ నోరెత్తరు. అయిపోయాక గేటు దగ్గర అరగంట చర్చ.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ మునిగింది. జనరేటర్, మోటార్ బోర్డు నీళ్ళపాలు. బురద ఎత్తిపోశాక మీటింగ్ పెట్టారు. ప్రెసిడెంట్ గారు కూర్చుంటూనే, "ఉన్నచోటే రిపేరు చేయిద్దాం, ఏమంటారు?" అన్నారు. ఏమంటాం? అందరం సరే అన్నాం. మెట్లు దిగుతుంటే మూడో అంతస్తు మాస్టారు నా చెవిలో, "మళ్ళీ వరదొస్తే మళ్ళీ మునిగేదేగా!"

కారణం: పెద్దాయన అందరికంటే ముందే మాట్లాడేయడం. ఈ మొహమాటం మనకొక్కరికే ఉన్నది కాదు. 1951లో అమెరికాలో సాలమన్ ఆష్ అనే సైకాలజిస్టు కొందరిని కూర్చోబెట్టి గీతల పొడవులు పోల్చమన్నాడు. ఒక్కడు తప్ప మిగతా అందరూ ఆయన మనుషులే, కావాలనే తప్పు చెప్పారు. నిజం కళ్ళెదుట కనబడుతున్నా, ఆ ఒక్కడు సుమారు మూడుసార్లలో ఒకసారి వాళ్ళతోనే గొంతు కలిపాడు. తోడుగా ఇంకొకరు నిజం చెబితే మాత్రం ఆ తడబాటు బాగా తగ్గిపోయింది.

పరిష్కారం: చీటీలు. చర్చ మొదలవకముందే పేరు లేకుండా రాయించండి. ప్రెసిడెంట్ చివర్లోనే మాట్లాడాలి. మేం రెండోసారి ఇలాగే చేశాం. సగానికి పైగా చీటీల్లో ‘పైకి మార్చాలి’ అనే ఉంది. అందులో ఒకటి పాల లెక్క వెనకాల రాసింది. చేతిరాత ప్రెసిడెంట్ గారి భార్యదని ఆయనే గుర్తుపట్టి నవ్వేశారు.

సమస్య: విషయం తెలిసినవాళ్ళ మాట బయటికి రాదు.

కారణం: నలుగురు చేరితే అందరికీ తెలిసినదే తిప్పి తిప్పి మాట్లాడుకుంటారు, ఒక్కరికే తెలిసింది మరుగున పడుతుంది. స్టాసర్, టైటస్ అనే సైకాలజిస్టులు 1985లో ప్రయోగం చేసి చూపించిందీ ఇదే. మా దగ్గర ఆ ఒక్కరు వాచ్‌మన్. అతన్నసలు పిలవనేలేదు.

పరిష్కారం: పిలిచి అడగండి. అతను పార్కింగ్ స్తంభం మీద వేలు పెట్టి నీటి మరక చూపించాడు. జనరేటర్‌కి మేం అనుకున్న దిమ్మె కంటే జానెడు పైన ఉంది!

సమస్య: తీర్మానం అయింది, డబ్బు రాలేదు.

ఇది చిన్నదే. ఎవరు, ఎంత, ఏ తేదీలోపు అన్నది రాయకపోవడమే కారణం. కుర్చీలు మడవకముందే మినిట్స్ పుస్తకంలో రాసి, పైకి చదివి, సంతకాలు పెట్టించండి. ఒప్పుకోనివాళ్ళ అభ్యంతరమూ రాయండి. మా పుస్తకంలో మాస్టారిది ఉంది: దిమ్మె ఇంకో అడుగు ఎత్తుండాలట.