తైనాన్‌లో ఒక్క రోజు: ఏ పూట ఎక్కడ తినాలి, ఏం చూడాలి?

తైవాన్‌లో అన్నిటికంటే పాత నగరం తైనాన్. ఇక్కడ ముందు తిండి వేళలు చూసుకుని, వాటి మధ్య కోటలూ గుళ్లూ పెట్టుకోవాలి. పేరున్న చిన్న కొట్లు సరుకు అయిపోగానే మూసేస్తాయి.

వారం చూసుకుని వెళ్లండి. అన్నిటికంటే పెద్దదైన హువాయువాన్ రాత్రి సంత గురు, శని, ఆదివారాల్లోనే ఉంటుంది. సోమ, మంగళ, శుక్రవారాల్లో దాదోంగ్ సంతకు, బుధవారం వూషెంగ్‌కు వెళ్లాలి.

హైస్పీడ్ రైలు స్టేషన్ ఊరికి దూరం. పక్కనే ఉన్న షాలున్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే 25 నిమిషాల్లోపే నగరం మధ్యలో దిగుతారు. ఈజీకార్డ్ అనే ప్రయాణ కార్డు రైలుకూ బస్సుకూ పనికొస్తుంది. బండ్ల దగ్గర మాత్రం నగదే. 100 తైవాన్ డాలర్ల నోట్లు ఉంచుకోండి.

పొద్దున్నే షిముయూ చేప జావతో మొదలుపెట్టండి. మన కోస్తాలో పాలబొంత అనేది ఈ చేపనే. ముళ్లు 200 పైనే ఉంటాయి కాబట్టి ముళ్లు తీసిన పొట్ట ముక్క, అంటే 'యూ దూ' అడగాలి. ఇక్కడివాళ్లు ఇష్టంగా తినే మరో టిఫిన్ గొడ్డుమాంసం చారు. వద్దనుకునేవాళ్లు 'న్యూ' (ఆవు, ఎద్దు) అన్న మాట గుర్తుపెట్టుకోండి.

శాకాహారులు 'వో చ్ర్ సు' అనాలి. బోర్డు మీద స్వస్తిక ఉన్న హోటల్ అయితే నిశ్చింత, చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. మామూలు హోటళ్లలో ఆకుకూర వేపుడులోనూ పంది కొవ్వు పడుతుంది, అడగకుండా తినొద్దు.

ఎండ ముదరకముందే డచ్చివాళ్లు 1653లో కట్టిన కోట చోటే ఉన్న చిఖాన్ బురుజు, 1665 నాటి కన్ఫ్యూషియస్ గుడి నడిచి చూసేయండి. మధ్యాహ్నానికి దాన్‌జాయ్ నూడుల్స్. దాన్ అంటే కావడి. తుపాన్ల కాలంలో వేట లేని జాలరులు కావడి మోస్తూ అమ్మేవారట. గిన్నె చిన్నదని రెండోది చెప్పకండి, రోజంతా ఇంకా తినాల్సింది ఉంది.

మూడింటికి ఆన్‌పింగ్ బస్సెక్కండి. 1662లో చైనా మింగ్ వంశం తరఫున పోరాడిన సేనాని కోషింగా డచ్చివాళ్ల నుంచి గెలుచుకున్న కోట అక్కడుంది. దాని పాత గోడ మిగిలిన చోట తప్పక ఆగండి: జిగురు బియ్యం, చక్కెర నీళ్లు, ఆల్చిప్పల సున్నం కలిపి ఇటుకలు అతికించారు. దగ్గర్లోనే పాత గిడ్డంగిని మింగేసిన మర్రి ఊడలు. ఆకలైతే రొయ్యల రోల్స్, చల్లని తోఫు పాయసం.

రాత్రి సంతలో గ్వాన్‌చాయ్‌బాన్ వెతకండి: దళసరి బ్రెడ్డును నూనెలో వేయించి, మధ్యలో తొలిచి, పాల చిక్కదనపు కూర నింపి మూతపెడతారు. లోపల పొగలు కక్కుతుంటుంది, మూత తీసి రెండు నిమిషాలు ఆగి తినండి. తైనాన్ వంటల్లో తీపి ఎక్కువ. కారం కావాలంటే 'లా జ్యావ్' అడగండి.